ముందు రిపేరు, తర్వాతే కొత్త కనెక్షన్: గాజువాక టెక్నీషియన్ల బ్యాచ్ మీద కేస్ స్టడీ

గాజువాకలో మేం నడిపిన ఒక ట్రైనింగ్ బ్యాచ్ గురించి రాస్తున్నాను. ఇళ్ళకి కేబుల్ టీవీ, ఫైబర్ నెట్ కనెక్షన్లు ఇచ్చే కుర్రాళ్ళని, అవి పాడైతే బాగుచేసే కుర్రాళ్ళని తయారు చెయ్యడం మా పని. గాజువాక, పెదగంట్యాడ, కూర్మన్నపాలెం వైపు కొందరు లోకల్ ఆపరేటర్లు కలిసొచ్చి అడిగింది ఒకటే, "మాస్టారూ, మనుషులు కావాలి, కనెక్షన్ ఇవ్వడం వస్తే చాలు, మిగతాది పన్లో పడ్డాక వాళ్ళే నేర్చుకుంటారు" అని. మేం దాన్ని పూర్తిగా తిరగేశాం. కొత్త కనెక్షన్ ఇవ్వడం చిట్టచివర్న పెట్టి, మొదటి రోజు నుంచీ రిపేరే నేర్పించాం. ఆపరేటర్లకి మొదట్లో ఇది అస్సలు నచ్చలేదు. అయినా ఎందుకలా చేశామో, ఎలా చేశామో, ఎక్కడ పని చేసింది ఎక్కడ చెయ్యలేదు అన్నది ఇదే పన్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ఎందుకు తిరగేశాం

మన ఫీల్డ్‌లో కొత్త కుర్రాడు ఎలా తయారవుతాడో అందరికీ తెలిసిందే. సీనియర్ వెనకాల నిచ్చెన మోస్తాడు, వైరు లాగుతాడు, కొన్నాళ్ళకి చేతికి వైరు చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ ఇస్తారు, ఇంక కొత్త కనెక్షన్లు వాడివి, కంప్లైంట్లు సీనియర్‌వి. ఇందులో ఇబ్బంది ఏంటంటే కనెక్షన్ ఇచ్చినవాడికి తను చేసిన పని ఆరు నెలల తర్వాత ఎలా ఉందో ఎప్పటికీ కనపడదు, వాడు వేసిన జాయింట్ వానాకాలంలో ఏమైందో చూసేది ఇంకెవడో, ఆ చూసినోడు కూడా తిట్టుకుంటూ సరి చేసి వెళ్ళిపోతాడు గానీ వీడికి చెప్పడు. అందుకే అదే జాయింటు అలాగే మళ్ళీ మళ్ళీ ఊరంతా పడుతూ ఉంటుంది.

రెండో కారణం ఇంకా పెద్దది. అనలాగ్ రోజుల్లో మన కళ్ళే మీటర్లు. సిగ్నల్ తగ్గితే టీవీలో చుక్కలు మొదలయ్యేవి, ఇంకా తగ్గితే ఎక్కువయ్యేవి, బొమ్మ చూసి ఎంత తగ్గిందో చెప్పేసేవాళ్ళం. కేబుల్ టీవీని డిజిటల్‌కి మార్చినప్పుడు వైజాగ్ రెండో దశలో వచ్చింది, సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి చేసిన గడువు 2013 మార్చి 31. అప్పటి నుంచి ఆ చుక్కలు పోయాయి. డిజిటల్లో సిగ్నల్ తగ్గుతూ తగ్గుతూ వస్తున్నా బొమ్మ అద్దంలా ఉంటుంది, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది. ఇవాళ బొమ్మ బాగుంది కదా అని వచ్చేస్తాం, అది హద్దుకి ఒక్క డీబీ (సిగ్నల్ ఎంత పెరిగిందో తగ్గిందో కొలిచే లెక్క) దూరంలో ఉందని తెలీదు, రేపు వాన పడగానే ఫోన్. ఫైబర్ వచ్చాక అసలు కంటికి కనపడేదే లేదు. ఇళ్ళకి వచ్చే వెలుగు 1490 నానోమీటర్లది, టీవీ సిగ్నల్ కూడా అదే ఫైబర్లో వస్తే అది 1550, రెండూ కంటికి ఆనవు. కళ్ళతో పని నేర్చుకున్న సీనియర్ల వెనక తిరిగితే కొత్తోడికీ కళ్ళతోనే పని అలవాటవుతుంది, మీటర్ బ్యాగులోనే ఉండిపోతుంది. సీనియర్లని తక్కువ చెయ్యడం లేదు, స్తంభాల మీద వాళ్ళకున్న నేర్పు నాకు లేదు. కానీ ఈ ఒక్క అలవాటు మాత్రం దిగకూడదనుకున్నాం.

బ్యాచ్‌లో కంచరపాలెం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసినవాళ్ళున్నారు, ఇంటర్ మధ్యలో ఆపేసినవాళ్ళున్నారు, ఆపరేటర్ల దగ్గర ఇప్పటికే హెల్పర్లుగా చేస్తున్నవాళ్ళు కొందరు, ఇద్దరు ఆడపిల్లలు కూడా. హెల్పర్లకి "మాకు పని వచ్చు" అనే ధీమా ఉండేది, అది సహజమే, వాళ్ళని దారికి తేవడానికే ఎక్కువ టైం పట్టింది.

ఫాల్టుల గోడ

క్లాసు గదిలో ఒక గోడంతా ప్లైవుడ్ కొట్టించి దాని మీద ఒక చిన్న ఊరు కట్టాం. ఎడమ పక్క పాత కోయాక్సియల్ లైన్, అంటే మామూలు టీవీ కేబుల్ వైరు: సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్, మెయిన్ లైన్లోంచి ఇంటికి సిగ్నల్ తీసే ట్యాప్, సిగ్నల్‌ని పంచే స్ప్లిట్టర్లు, నాలుగు సెట్‌టాప్ బాక్సులు. కుడి పక్క ఫైబర్: ఒక ఆపరేటర్ పక్కన పడేసిన పాత ఓఎల్‌టీ, ఫైబర్ చుట్టలు, ఎనిమిది దారుల స్ప్లిట్టర్లు రెండు, చివర్లో ఇంట్లో పెట్టే, ఫైబర్ వెలుగుని అందుకునే ఓఎన్‌యూ బాక్సులు. ఓఎల్‌టీ అంటే ఆపరేటర్ దగ్గర నుంచి వెలుగు పంపించే పెట్టె, కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా. పిల్లలు రాకముందే మేం దీంట్లో ఫాల్టులు పెట్టేవాళ్ళం. రూల్ ఒకటే: మీటర్ రీడింగు, ఫాల్టు ఎక్కడుందనుకుంటున్నారో, ఎందుకనుకుంటున్నారో నోటుబుక్కులో రాసేదాకా ఏ టూలూ ముట్టుకోకూడదు. ఊహ తప్పయినా పర్వాలేదు, రాయకపోతేనే ఊరుకోం.

రాయాలంటే ముందు అక్కడ ఎంత ఉండాలో తెలియాలి కదా. అందుకే లెక్క నేర్పాం. డీబీ అనగానే భయపడే పిల్లలకి నేను చెప్పింది జీతం లెక్క: ఒకటో తారీకున ఇంత వచ్చింది, అద్దె ఇంత, పాలు ఇంత, కరెంటు బిల్లు ఇంత, నెలాఖరుకి చేతిలో ఎంత ఉండాలి? ఓఎల్‌టీ నుంచి ప్లస్ 3 డీబీఎం (వెలుగు బలం చెప్పే అంకె) బయల్దేరింది. ఎనిమిది దారుల స్ప్లిట్టర్ ఒక్కోటి సుమారు పదిన్నర డీబీ తినేస్తుంది, రెండున్నాయి కాబట్టి 21. ఫైబర్ నాలుగు కిలోమీటర్లకి దగ్గర దగ్గర ఒక డీబీ. కనెక్టర్లు, స్ప్లైసులు (ఫైబర్ అతుకులు) అన్నీ కలిపి ఒకటిన్నర అనుకుందాం. మొత్తం ఇరవై మూడున్నర పోయింది, ఇంట్లో మైనస్ ఇరవైన్నర దగ్గర కనిపించాలి. మామూలుగా వాడే బీ ప్లస్ రకం ఓఎన్‌యూ మైనస్ 27 దాకా తట్టుకుంటుంది. ఇప్పుడు ఇంట్లో మైనస్ 26 చూపిస్తోంది, నెట్ వస్తోంది, కస్టమర్ హ్యాపీ. కానీ మన లెక్క ప్రకారం ఐదున్నర డీబీ ఎక్కడో దొంగతనం అయింది, దాన్ని పట్టుకోకుండా ఇంట్లోంచి బయటికి రాకూడదు. ఈ లెక్క బుర్రకెక్కిన రోజు నుంచి పిల్లలు "నెట్ వస్తోంది సార్" అనడం మానేసి "ఎంతొస్తోంది" అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాకు ఈ ఉద్యోగంలో అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

గోడ మీద పెట్టిన ఫాల్టుల్లో ఎక్కువ నేర్పింది మురికి కనెక్టర్. ఇంట్లోకి వచ్చే ఫైబర్లో వెలుగు నడిచే మధ్యభాగం 9 మైక్రాన్లే, తల వెంట్రుక డెబ్భై ఎనభై మైక్రాన్లు ఉంటుంది, అంటే కంటికి కనపడని దుమ్ము రేణువు కూడా దారి మూసెయ్యగలదు. వేలితో ఒకసారి ముట్టుకున్న కనెక్టర్ని పెట్టి రీడింగ్ తియ్యమన్నాం, తర్వాత క్లీనర్‌తో తుడిచి మళ్ళీ తియ్యమన్నాం. తేడా వాళ్ళే చూశారు, ఇంక నేను చెప్పేదేం లేదు. అంతకుముందు హెల్పర్లు చొక్కా అంచుతో తుడిచేవాళ్ళు, లేదా ఉఫ్ అని ఊదేవాళ్ళు, ఊదితే నోటి తడి దాని మీద పడుతుంది. క్లీనర్ పెన్ను దొరక్కపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని టిష్యూ, అంతే తప్ప వేరే దారి లేదు.

రెండోది ఆకుపచ్చ, నీలం కనెక్టర్లు. ఆకుపచ్చది ఏపీసీ, దాని ముఖం 8 డిగ్రీలు వాలుగా చెక్కి ఉంటుంది. నీలం యూపీసీ ముఖం తిన్నగా ఉంటుంది. ఒకదాంట్లో ఇంకోటి దూరుతుంది, లైటు కూడా వెలగొచ్చు, కానీ ముఖాలు ఆనవు, సిగ్నల్ పోతుంది, గట్టిగా నొక్కితే ముఖాలు పాడవుతాయి కూడా. అర్జంటులో చేతికి దొరికిన ప్యాచ్‌కార్డ్ పెట్టేసి వచ్చే అలవాటు చాలామందికి ఉంది, దాన్ని గోడ మీదే వదిలించాం.

మూడోది వంపు. ట్యాగ్‌తో బిగించి కట్టిన ఫైబర్, తలుపు సందులో నలిగిన ఫైబర్, మేకు చుట్టూ తిప్పిన ఫైబర్. వంపు పోగొట్టే సిగ్నల్ 1310 నానోమీటర్ల వెలుగు దగ్గర తక్కువ, 1550 దగ్గర చాలా ఎక్కువ. అందుకని ఆపేసిన లైన్ మీద రెండు రంగుల వెలుగుతో కొలిచి 1550లోనే ఎక్కువ పోతోందంటే వంపు కోసం వెతకండి, రెండింట్లోనూ ఒకేలా పోతోందంటే మురికో చెడ్డ జాయింటో అనుకోండి అని చెప్పాం. ఎర్ర లేజర్ పెన్ను పెట్టి లైట్లాపితే వంపు దగ్గర ఎర్రగా వెలుగు కారడం కనిపిస్తుంది, అది చూసి గదిలో అందరూ ఓ అని అరిచారు. ఒక్క మాట గట్టిగా చెప్పాం, వెలుగు ఉందో లేదో చూడ్డానికి ఫైబర్ చివర కంటి దగ్గర పెట్టుకోవద్దు. ఎర్ర పెన్నుదైనా సరే, కనపడని వెలుగైనా సరే.

కోయాక్సియల్ పక్క పెట్టినవన్నీ రాయను. స్ప్లిట్టర్ ఖాళీ పోర్టుకి దాన్ని మూసే టెర్మినేటర్ పెట్టకపోవడం, ఆంప్లిఫయర్ అవసరానికి మించి పెంచెయ్యడం, షీల్డు సరిగ్గా పట్టని కనెక్టర్లోంచి మొబైల్ టవర్ సిగ్నల్ లోపలికి దూరి కొన్ని ఛానెళ్ళని పాడుచెయ్యడం, ఇవన్నీ పెట్టాం. సిగ్నల్ తక్కువైతే ఎంత చెడ్డో ఎక్కువైనా అంతే చెడ్డ అన్నది ఇక్కడే అర్థమవుతుంది. పాత అలవాటు ఏంటంటే బొమ్మ రాకపోతే ఆంప్లిఫయర్ స్క్రూ తిప్పడం. మీటర్ లేకుండా ఆ స్క్రూ మీద చెయ్యి వెయ్యకూడదని పెట్టాం.

బయటికి వెళ్ళాక

గోడ మీద ఎంత చేసినా ఉప్పు గాలి ఏం చేస్తుందో గదిలో చూపించలేం. అందుకని ఎంవీపీ కాలనీలో బీచ్‌కి దగ్గరగా ఉన్న ఒక అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళాం, అక్కడ ఆపరేటర్ మాకు తెలిసినవాడే. పై అంతస్తులో ఒక ఫ్లాట్‌లో కొన్ని ఛానెళ్ళు మాత్రమే విరిగిపోతున్నాయి, మిగతావి బాగున్నాయి. సెట్‌టాప్ బాక్స్ అప్పటికే మార్చారు, మళ్ళీ మార్చారు, ఆ ఇంటావిడ మమ్మల్ని చూడగానే "ఏటి బాబూ, ఇంకో బాక్స్ తెచ్చారా" అంది. పిల్లల్ని బాక్స్ జోలికి పోవద్దని చెప్పి ముందు డాబా మీది ట్యాప్ దగ్గర, తర్వాత ఫ్లాట్ లోపల, కింది ఫ్రీక్వెన్సీలో ఒకసారి పై ఫ్రీక్వెన్సీలో ఒకసారి కొలవమన్నాం. ట్యాప్ దగ్గర రెండూ దాదాపు సమానం. ఇంట్లో కింద ఫ్రీక్వెన్సీ బాగానే ఉంది, పైది పద్నాలుగు డీబీ పడిపోయింది. ఇళ్ళకి వేసే ఆర్‌జీ-6 రకం కోయాక్సియల్ వైరు వంద మీటర్లకి పై ఫ్రీక్వెన్సీల్లో ఇరవై డీబీ దాకా తింటుంది, కింద ఫ్రీక్వెన్సీల్లో ఆరేడు. అక్కడ వైరు ఇరవై మీటర్లకి మించదు, అంటే తేడా మూడు డీబీకి అటూ ఇటూ ఉండాలి. పద్నాలుగు వస్తోందంటే దారిలో ఏదో ఉంది.

ఉన్నది పిట్టగోడ మీది జాయింటు. తిప్పి బిగించే రకం కనెక్టర్, మీద ఎండకి పెచ్చులూడిన ఇన్సులేషన్ టేప్. విప్పితే లోపల అల్యూమినియం అల్లిక తెల్లటి పొడి అయిపోయింది, మధ్య తీగ ఎర్రగా తుప్పు. చాలామంది ఆ మధ్య తీగ మొత్తం రాగి అనుకుంటారు, మామూలు ఆర్‌జీ-6లో అది రాగి పూత పూసిన ఉక్కు తీగ. పై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ తీగ పై పొరలోనే ప్రయాణిస్తుంది కాబట్టి పూత చాలు, కానీ ఉప్పు తడి ఆ పూతని తినేస్తే ముందు పోయేది ఆ పై ఫ్రీక్వెన్సీలే, అందుకే కొన్ని ఛానెళ్ళే పోయాయి. తుప్పు పట్టినంత మేర కోసేసి, కంప్రెషన్ కనెక్టర్ వేసి, తనలో తనే అతుక్కునే రబ్బరు టేప్ చుట్టి, జాయింటుకి ముందు వైరుని కిందికి ఒక లూప్ వదిలాం, వాన నీళ్ళు ఆ లూప్ అడుగు నుంచి కారిపోతాయి గానీ జాయింటులోకి పోవు. ఇంత పనికి ముప్పావు గంట పట్టలేదు, బాక్సులు మార్చడానికి పోయిన టైం దీనికి ఎన్ని రెట్లో ఆలోచించండి. వెనక్కి వస్తుంటే ఐటీఐ కుర్రాడొకడు "అయితే ఇక నేను వేసే జాయింటు డాబా మీద అసలు పడకుండా చూస్తాను మాస్టారూ, ఒకే వైరు లాగుతాను" అన్నాడు. కనెక్షన్ ఇవ్వడం గురించి మేం ఇంకా ఒక్క ముక్క చెప్పలేదు, రిపేరు చూసి వాడే నేర్చుకున్నాడు.

ఇంకో ఇల్లు శ్రీహరిపురం వైపు కొండవాలు మీద. అక్కడ ఇళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయి, కింద రోడ్డు మీది స్తంభం నుంచి ఫైబర్ రేకుల కప్పుల మీదుగా పైకి వెళ్తుంది. కంప్లైంట్ ఏంటంటే ఓఎన్‌యూ మీద సిగ్నల్ లేదని చెప్పే ఎర్ర లైటు వస్తుంది, పోతుంది. వెళ్ళినప్పుడల్లా బాగానే ఉంటుంది, టెక్నీషియన్ "బానే ఉందమ్మా" అని వచ్చేస్తాడు. ఆ ఇంట్లో మామ్మగారు మాతో అన్నదాన్ని పిల్లలు నోటుబుక్కులో రాసుకున్నారు: "నువ్వున్నంత సేపూ బాగానే ఉంటాది నాయనా, నువ్వెళ్ళాకే పోతాది". రీడింగ్ మైనస్ 23. లెక్క ప్రకారం ఒకటి రెండు డీబీ తక్కువుంది గానీ పెద్ద తేడా కాదు, ఎవరైనా వదిలేస్తారు. మేం వదలకుండా మీటర్‌ని అలాగే పెట్టి కూర్చోబెట్టాం. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యాక అంకె కదలడం మొదలైంది, 23, 25, 28, మళ్ళీ 23. ఒకమ్మాయి మీటర్ దగ్గర కూర్చుంది, ఇంకొకడు వైరు వెంబడి నడుస్తూ ఒక్కో చోట మెల్లగా కదుపుతుంటే ఆ పిల్ల అంకె అరిచి చెప్పేది. రెండో రేకు అంచు దగ్గర అంకె 29కి పోయింది. వైరు ఊగినప్పుడల్లా రేకు అంచుకి రాసుకుని పైతొడుగు తెగి లోపల ఫైబర్ నలుగుతోంది.

ఆ ముక్క కోసి స్ప్లైస్ చేసి, వైరుని క్లాంప్‌తో బిగించి, రేకుకి తగలకుండా ఎత్తులోంచి తీసుకెళ్ళాం. స్ప్లైసింగ్ మిషన్ అంచనాగా చూపించే నష్టం 0.02, 0.03 అలా ఉంటుంది, పిల్లలు దాన్నే నమ్మేస్తారు. అది కెమెరాతో చూసి చెప్పే అంచనా మాత్రమే, అసలు సంగతి మీటర్ చెప్పాలి. అలాగే ఫైబర్ కోసే క్లీవర్‌తో కోత తిన్నగా పడకపోతే మిషన్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు, మా పిల్లలు స్ప్లైసింగ్ కంటే కోత మీదే ఎక్కువ ప్రాక్టీస్ చేశారు. తెగిన గాజు ముక్కలు కింద పడెయ్యకుండా డబ్బాలో వెయ్యడం కూడా, ఎందుకంటే ఆ ఇంట్లో చిన్నపిల్లలు నేల మీద పాకుతుంటారు.

నెట్ స్లో అనే కంప్లైంట్ల గురించి తక్కువే రాస్తాను. వాటిలో చాలా వరకు లైన్ బాగుంటుంది, రౌటర్ టీవీ అల్మరా లోపల ఉంటుంది. ముందు లాప్‌టాప్‌ని వైరుతో పెట్టి స్పీడ్ చూడండి, అది సరిగ్గా ఉంటే వైఫై సంగతి చూడండి అన్నదే మేం నేర్పిన వరస. కూర్మన్నపాలెంలో ఒకాయనకి రెండు వందల ఎంబీపీఎస్ ప్లాన్ ఉంటే ఎప్పుడు చూసినా తొంభై చిల్లర దగ్గరే ఆగిపోయేది. ఓఎన్‌యూ నుంచి రౌటర్‌కి వెళ్ళే లాన్ వైరులో ఒక జత తెగింది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, అవి లేకపోతే పోర్టులు రెండు జతలతోనే పని చేస్తూ వందకి దిగిపోతాయి. ఆ వైరు మార్చగానే అయిపోయింది, అప్పటిదాకా ఆయన ఆపరేటర్ మోసం చేస్తున్నాడనే అనుకున్నాడు.

స్తంభం ఎక్కడం

దీని గురించి మాత్రం ఎంత రాసినా తక్కువే. కేబుల్ వైరులో కరెంటు ఉండదులే అనే మాట మన ఫీల్డ్‌లో మనుషుల్ని చంపింది. ఇళ్ళకి వేసే చాలా ఫైబర్ వైర్లలో బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది, ఆ వైరు పైనున్న సర్వీస్ వైరు మీద ఒరిగి అక్కడ ఇన్సులేషన్ అరిగిపోయి ఉంటే ఆ ఉక్కు తీగలో 230 వోల్టులు ఇంటి గుమ్మం దాకా వస్తాయి. లైన్ మీదే పవర్ పంపించే ఆంప్లిఫయర్లున్న చోట కోయాక్సియల్ మధ్య తీగలో 60 వోల్టులు, కొన్నిట్లో 90 ఉంటాయి. ఇంట్లో కూడా, ఎర్తింగ్ లేని టీవీ వెనక కేబుల్ పట్టుకుంటే జిల్లుమంటుంది, అది మామూలేలే అని వదిలెయ్యకూడదు, ముందు ప్లగ్గులు తీసి తర్వాతే వైరు ముట్టుకోవాలి. స్తంభం మీద ఉన్న ఏ వైరైనా టెస్టర్ పెట్టి చూసేదాకా కరెంటున్నట్టే లెక్క.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న మన మీద పడ్డప్పుడు స్తంభాలు ఎలా ఒరిగిపోయాయో ఈ పిల్లల్లో చాలామందికి లీలగా గుర్తుంది అంతే, అప్పటికి వాళ్ళు చిన్నవాళ్ళు. ఆ తర్వాత సిటీలో చాలా చోట్ల కరెంటు లైన్లు భూమిలోకి వెళ్ళాయి, కానీ గాజువాక లోపలి వీధుల్లో, కొండవాలుల్లో ఇప్పటికీ మన వైర్లూ కరెంటు వైర్లూ ఒకే స్తంభం మీద కలిసి వేలాడుతున్నాయి. అందుకే బ్యాచ్‌లో కొన్ని కట్టుబాట్లు పెట్టాం. ఒంటరిగా స్తంభం ఎక్కకూడదు. వానలో, ఉరుముల్లో ఎక్కకూడదు, ఆపరేటర్ ఫోన్ చేసి అరిచినా సరే. ఇనుప నిచ్చెన వద్దు, ఫైబర్‌గ్లాస్ లేదా పొడి వెదురు. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు దూరం చొప్పున నిచ్చెన కాలు పెట్టాలి. బెల్టు లేకుండా ఎక్కినవాడికి ఆ రోజు ఫీల్డ్ లేదు. ఒక హెల్పర్ కుర్రాడు "ఇన్నాళ్ళూ బెల్టు లేకుండానే ఎక్కాను సార్, ఏం కాలేదు" అన్నాడు. వాడితో వాదించలేదు, బెల్టు పెట్టుకున్నాకే నిచ్చెన ఇచ్చాం. నాకు ఇందులో సర్దుబాటు లేదు.

కొత్త కనెక్షన్, చివరికి

బ్యాచ్ చివర్లో కొత్త కనెక్షన్ మొదలుపెట్టేసరికి నేర్పడానికి పెద్దగా మిగల్లేదు. వైరు ఎక్కడ నలుగుతుందో, ఎక్కడ తడుస్తుందో, ఎక్కడ ఎలకలు కొరుకుతాయో వాళ్ళు అప్పటికే చూసేశారు కాబట్టి ఇంటికి వెళ్ళగానే గోడలకేసి చూసి దారి ఎంచుకోవడం మొదలుపెట్టారు. ఇంటివాళ్ళని ముందే అడిగి, "ఇక్కడ కన్నం పెడతాం, వైరు ఇలా వెళ్తుంది, సరేనా అమ్మా" అని చెప్పడం, లోపలికి చెప్పులు విప్పి వెళ్ళడం, కన్నం పెట్టినప్పుడు రాలిన దుమ్ము తుడిచి రావడం, ఇవి కూడా పనిలో భాగమేనని పెట్టాం. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళే ఉన్న ఇళ్ళకి మా ఇద్దరమ్మాయిలు వెళ్తే తలుపు తియ్యడానికి ఎవరూ వెనకాడలేదని ఆపరేటర్లే చెప్పారు. ఈ పన్లోకి అమ్మాయిలు రారు అనేవాళ్ళు ఒకసారి ఆ ఇళ్ళకి వెళ్ళి అడగండి.

మేం కొత్తగా పెట్టింది ఒక స్టిక్కర్. కనెక్షన్ ఇచ్చిన రోజు ఓఎన్‌యూ అడుగున తేదీ, డీబీఎం రీడింగ్, పోర్టు నంబర్, పెట్టినవాడి పేరు రాసి అతికించాలి. కోయాక్సియల్ అయితే కింద ఫ్రీక్వెన్సీది ఒకటి, పైది ఒకటి. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏం లేదు. కానీ రేపు కంప్లైంట్ మీద వెళ్ళినవాడికి, మొదటి రోజు మైనస్ 20.4 ఉంది, ఇవాళ మైనస్ 25 ఉంది అని తెలిస్తే సగం పని అక్కడే అయిపోతుంది. అప్పుడూ ఇప్పుడూ ఒకటే అయితే లైన్ వదిలేసి అడాప్టరో రౌటరో చూసుకుంటాడు. పేరు రాయడం మీద హెల్పర్లు గొడవ చేశారు, తప్పుంటే దొరికిపోతామని. మేం పట్టుబట్టాం, ఎందుకంటే పేరు రాస్తేనే ఆ కంప్లైంట్ మళ్ళీ వాడి దగ్గరికే పంపించగలం, తన పని తను చూసుకోగలడు.

ఏం మారింది, ఏం మారలేదు

ఆపరేటర్ల రిజిస్టర్లు చూస్తే కంప్లైంట్ల రకం మారింది. మా పిల్లలు పని చేస్తున్న వీధుల్లో "మళ్ళీ ఎర్ర లైటు", "మళ్ళీ అదే ఛానెల్" అనే ఎంట్రీలు తగ్గి "బెడ్‌రూమ్‌లో వైఫై రావట్లేదు" లాంటివి పైకొచ్చాయి. గోడౌన్‌లో పాడైపోయాయని వెనక్కొచ్చే బాక్సుల్లో బాగా పని చేసేవే ఎక్కువ ఉండేవి, ఇప్పుడు అలా రావడం తగ్గిందని ఆపరేటర్లే అన్నారు. ట్రైనింగ్ ఎక్కువ రోజులు పట్టిందని మొదట్లో కోప్పడ్డ ఆయనే తన పాత సీనియర్లని పంపిస్తానని వచ్చాడు, అది మాకు పెద్ద సంగతి.

మారనిది డబ్బు లెక్క. మన దగ్గర టెక్నీషియన్‌కి కొత్త కనెక్షన్‌కి ఇంత అని ముక్క లెక్కన ఇస్తారు, రిపేరుకి చాలా చోట్ల ఏమీ ఇవ్వరు లేదా నామమాత్రం. అలాంటప్పుడు రేకు అంచు దగ్గర మధ్యాహ్నమంతా కూర్చుని మీటర్ చూసేవాడికి ఏం మిగుల్తుంది? బాగా నేర్చుకున్నవాళ్ళే ఈ లెక్క చూసి నలిగిపోతున్నారు. ఒకరిద్దరు ఫుడ్ డెలివరీకి వెళ్ళిపోయారు, వాళ్ళని తప్పు పట్టలేను, అక్కడ సాయంత్రానికి చేతిలో డబ్బు కనపడుతుంది. నేను ఆపరేటర్లకి చెప్పింది ఏంటంటే కనెక్షన్ డబ్బులో కొంత భాగం నెల రోజులు ఆపి, ఆ నెలలో లైన్ వల్ల కంప్లైంట్ రాకపోతే దానికి ఇంకాస్త కలిపి ఇవ్వండి, రిపేరుకి విడిగా రేటు కట్టండి, రెండోసారి వెళ్ళాల్సి వస్తే పోయే పెట్రోలు, టైం, పోయే కస్టమర్ లెక్కేసుకుంటే అది మీకే చౌక. ఒకాయన ఒప్పుకుని మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు ఆయనకి ఎలా నడుస్తుందో చూస్తున్నారు.

వచ్చే బ్యాచ్‌కి రెండు మార్పులు చేస్తున్నాం. ఒకటి, సీనియర్లనీ కొత్తవాళ్ళనీ జంటలుగా ఫాల్టుల గోడ దగ్గర కూర్చోబెడతాం, రీడింగ్ కొత్తోడు తీస్తాడు, నిచ్చెన, స్తంభం పాఠం సీనియర్ చెప్తాడు. రెండోది, వానాకాలం మధ్యలోనే బ్యాచ్ పెడుతున్నాం, కొండవాలు ఇళ్ళలో జాయింట్లు తడిసి ఉండగానే కొలిచేలా. స్తంభాల పాఠం మాత్రం వాన ఆగిన రోజుల్లోనే ఉంటుంది. ఫాల్టుల గోడ కట్టుకోవాలనుకునే ఆపరేటర్లెవరైనా గాజువాక వచ్చి చూసుకోవచ్చు, వైరింగ్ బొమ్మ, ఫాల్టుల వరస మొత్తం ఇస్తాం, పాత ఓఎల్‌టీ ఒకటి మీరు తెచ్చుకుంటే చాలు.